పాత రికార్డుల డిజిటల్ బదిలీ – 5వ పాఠం: ఒక పాట, మూడు హక్కులు

కిందటి పాఠంలో 78 ఆర్‌పీఎం ప్లేటును 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా ఎక్కించాం. మూడు నిమిషాల పాట స్టీరియోలో దాదాపు 104 ఎంబీ ఉంటుంది. ఇక ఆ ఫైలుతో ఏం చేయవచ్చో తేల్చుకోవాలి. చెన్నై పల్లావరం శుక్రవారం సంతలో మీరు కొన్నది ప్లేటునే. పాట మీద హక్కు దాంతోపాటు రాదు.

ఇంట్లో వినడానికి, పరిశోధనకు కాపీ చేసుకోవడానికి 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ వీలిస్తుంది. 2012 సవరణతో ఈ వెసులుబాటు సౌండ్ రికార్డింగులకూ వచ్చింది. అమెరికా వాళ్ల ఫెయిర్ యూజ్‌లో (అనుమతి లేకుండా వాడుకునే వెసులుబాటు) కోర్టు నాలుగు అంశాలు తూచి చూస్తుంది. మనది ఫెయిర్ డీలింగ్: సొంత వాడకం, పరిశోధన, విమర్శ, సమీక్ష, వార్తలు, ఇలా చట్టం చెప్పిన పనులకే. యూట్యూబులో పెడితే అది జనానికి అందించడమే, సొంత వాడకం కాదు. పైసా తీసుకోకపోయినా, కింద ‘హక్కులు మావి కావు’ అని రాసినా అంతే.

నెట్‌లోకి ఎక్కించాలంటే హక్కు గడువు తీరిందో లేదో చూడాలి. చాలామంది పొరపడేది ఇక్కడే. సినిమా పాటలో రికార్డింగు, బాణీ, సాహిత్యం అని మూడు హక్కులుంటాయి. రికార్డింగుకు అది మొదట విడుదలైన ఏడాదికి 60 కలపండి. బాణీకి, సాహిత్యానికి రాసినవారు పోయిన ఏడాదికి 60 కలపండి. వచ్చిన ఏడాది డిసెంబరు 31తో హక్కు ముగుస్తుంది.

మద్రాసులోనే తయారైన పాతాళభైరవి తీసుకుందాం. 1951లో వచ్చిన ప్లేటు రికార్డింగు హక్కు 2011తో తీరింది. సాహిత్యం రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు కాబట్టి అది 2031 దాకా, సంగీతం ఘంటసాలది, ఆయన 1974లో పోయారు కాబట్టి బాణీ 2034 దాకా ఉంటాయి. ప్లేటు పాతదైనంత మాత్రాన పాట స్వేచ్ఛగా ఉన్నట్టు కాదు. త్యాగరాజ కృతి దగ్గర లెక్క తిరగబడుతుంది: ఆయన 1847లో పోయారు, కృతికి అడ్డు లేదు. కానీ అదే కృతి 1970 ఎల్పీలో (లాంగ్ ప్లే రికార్డు) మొదటిసారి వచ్చి ఉంటే ఆ రికార్డింగు 2030 దాకా కంపెనీదే.

అసలు కష్టం ఏడాది పట్టుకోవడం. ప్రచురణ ఏడాది అచ్చువేయాలన్న నియమం 1984 సవరణతో వచ్చింది, అంతకు ముందువాటి మీద తరచూ ఉండదు. లేబుల్ మీది కాటలాగ్ నంబరు (కంపెనీ అమ్మకాల జాబితాలో ప్లేటు నంబరు) రాసుకోండి. తరవాత గది లైటు ఆర్పి, టార్చిని ప్లేటుకు దాదాపు సమాంతరంగా పక్కనుంచి పట్టండి. లేబుల్ చుట్టూ ఉన్న నున్నటి భాగంలో గీసిన మాట్రిక్స్ నంబరు (ప్లేటు అచ్చుకు కంపెనీ ఇచ్చిన గుర్తు) నీడతో తేలుతుంది. ఆ రెండు నంబర్లను కంపెనీ పాత కాటలాగులతో పోల్చండి. పాత పాటలతో తరవాత వచ్చిన సంకలన ఎల్పీ అట్ట మీది ఏడాదిని నమ్మవద్దు, మొదటి విడుదలే లెక్క. రెండేళ్ల మధ్య సందేహం ఉంటే తరవాతిదే వేసుకోండి.

వచ్చే పాఠానికి మీ దగ్గరున్న ఐదు ప్లేట్లకు ఈ వరసలు నింపి ఉంచండి: కాటలాగ్ నంబరు, మాట్రిక్స్ నంబరు, విడుదల ఏడాది, రచయిత, స్వరకర్త, వాళ్లు పోయిన ఏళ్లు, మూడు గడువులు. లేబుల్ ఫోటోలు రెండు వైపులా తీసి, ఫైలున్న ఫోల్డరులోనే పెట్టండి.