అలాస్కా ఓడ ప్రయాణానికి కెమెరా సామాను సర్దే ముందు

విడి లిథియం బ్యాటరీలను, కెమెరాను చేతిసంచిలోనే ఉంచుకోండి; విమానంలో విడి బ్యాటరీలను చెక్‌ఇన్ పెట్టెలో అనుమతించరు, పైగా రేవులో అప్పగించిన పెట్టె గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు కనుక, ఓడ తీరం విడిచే దృశ్యం చేజారిపోతుంది.

పెద్ద లెన్సు ఒక్కటే మోయగలిగితే దూరపు దృశ్యాన్ని దగ్గరగా చూపే 100–400 మి.మీ. జూమ్‌నే ఎంచుకోండి, ఎందుకంటే అలాస్కా రాజధాని జూనో వద్ద హంప్‌బ్యాక్ తిమింగలాలకు పడవలు కనీసం 100 గజాల దూరం పాటించాలన్నది నియమం. హిమానీనదాలకు ఫోను చాలు.

డ్రోన్ వద్దు, గ్లేసియర్ బే జాతీయ ఉద్యానంలో అది నిషిద్ధం.

ఇంజిను కంపనం వల్ల డెక్‌పై ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) పనికిరాదు.

జిప్ సంచి తప్పనిసరి. చలిలోంచి వెచ్చని గదికి వస్తే లెన్సుపై తేమ పేరుకుంటుంది, అందుకే లోపలికి వచ్చే ముందే కెమెరాను ఆ సంచిలో పెట్టి మూసేయండి.