స్టెమ్ సెల్ సూదికి ఒప్పుకునే ముందు

దగ్గినా, తుమ్మినా, బిందె ఎత్తినా మూత్రం చుక్క జారిపోవడం కాన్పులయ్యాక మనలో చాలామందికి ఉన్నదే, బయటికి చెప్పుకోం అంతే. నేనూ పెళ్లిళ్లకి ముదురు రంగు చీర కట్టుకుని, బాత్రూమ్ ఎటుందో చూసుకునే కూర్చునేదాన్ని. అందుకే దీనికి స్టెమ్ సెల్ (మూలకణాల) సూది ఉంది, "కోత లేదు, మీ కణాలే మీకు మందు" అని హాస్పిటల్ వాళ్లు అంటే ప్రాణం లేచొస్తుంది. కాస్త ఆగండి.

మామూలుగా చేసేదేంటంటే తొడ నుంచో భుజం నుంచో చిన్న కండ ముక్క తీసి, అందులోని కణాల్ని ల్యాబులో కొన్ని వారాలు పెంచి, మూత్రనాళాన్ని బిగించి ఉంచే కండరంలోకి ఎక్కిస్తారు. 2007లో ఆస్ట్రియాలో ఇన్స్‌బ్రక్ డాక్టర్లు ఇది భేషుగ్గా పనిచేసిందని లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాస్తే, ఆ పరిశోధన జరిగిన తీరులోనే లొసుగులు బయటపడి 2008లో పత్రికే వెనక్కి తీసుకుంది. తర్వాత ఒక పెద్ద ట్రయల్‌లో (మనుషుల మీద చేసే పరీక్షలో) కణాల్లేని ఉత్తి ద్రవం ఎక్కించినవాళ్లలోనూ చాలామందికి తగ్గింది! కాబట్టి పక్కింటావిడకి నయమైందన్న మాట లెక్కలోకి రాదు.

మన దేశంలో ఐసీఎంఆర్ (కేంద్ర వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం దీన్ని ట్రయల్‌గా తప్ప చికిత్సగా అమ్మకూడదు. ముందు సీటీఆర్ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే ప్రభుత్వ వెబ్‌సైట్) నంబరు అడగండి, ఇంటికొచ్చి ఆ వెబ్‌సైట్‌లో హాస్పిటల్ పేరు, ఎథిక్స్ కమిటీ (ట్రయల్‌లో చేరేవాళ్ల క్షేమం చూసే సంఘం) అనుమతి ఉన్నాయో లేదో చూడండి (నంబరు ఉన్నంత మాత్రాన మందు పనిచేస్తుందని కాదు). ట్రయల్ ఖర్చు మన చేత కట్టించకూడదు. ప్యాకేజీ, డిస్కౌంట్ అన్నారా, లేచి వచ్చేయండి.

అసలు మీది ఏ రకమో తేల్చుకోండి. ఆపుకోలేనంత తొందరొచ్చి దారిలోనే పోతుంటే అది వేరే సమస్య, దీనికి ఈ సూది కాదు. మూడు రోజులు ఎప్పుడు వెళ్లారో, ఎప్పుడు జారిందో రాసుకెళ్లండి. యూరిన్ ఇన్ఫెక్షన్ లేదని తేలాలి, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, ఇంకో కాన్పు ఆలోచన ఉన్నా ముందే చెప్పాలి.

అన్నిటికన్నా ముందు ఫిజియో దగ్గర మూడు నెలల వ్యాయామం. "గ్యాస్ బయటికి రాకుండా ఆపుకుంటారే, అలా బిగించండి" అని మా ఫిజియో అంటే ఇద్దరం పడీపడీ నవ్వాం, అప్పుడూ జారింది. ఎనిమిదేసి సార్లు, రోజుకి మూడు పూటలు. విసుగే, కానీ పనికొచ్చింది.

సూది వేయించుకున్నాక మూత్రం అసలు రాకపోయినా, చలిజ్వరం వచ్చినా తెల్లారేదాకా చూడొద్దు. రాత్రిపూట ఫోన్ ఎత్తే నంబరు ముందే తీసుకోండి. సంతకం పెట్టే కాగితం తెలుగులో అడిగి, ఇంటికి తెచ్చుకుని చదవండి. దానికే మొహం చిట్లించే చోట నేనైతే తొడ చూపించను.