పండగ వేదికకు రాజకీయ హాస్యనాటిక రాసే పద్ధతి

సంక్రాంతికో వినాయక చవితికో ఊళ్లో హాస్యనాటిక వేయాలనుకునే కుర్రవాళ్లు సాధారణంగా ఫోనులో తిరుగుతున్న మీమ్స్‌తో మొదలుపెడతారు. దానికి బదులు పది రోజులపాటు గ్రంథాలయానికి వెళ్లి, ఒకదానికొకటి గిట్టని రెండు పత్రికలను పక్కపక్కన పెట్టుకుని చదవండి. మా ఊరి వేదికకు కొన్నేళ్లుగా నాటికలు రాస్తున్న అనుభవంతో చెబుతున్నాను: నాటిక ఒక పక్షానికి ఒరిగిపోవడం సంభాషణల కన్నా ముందే, ముడిసరుకు ఏరుకునే దగ్గరే మొదలవుతుంది.

చదవబోయే పత్రిక ఎవరిదో, ఎటు మొగ్గుతుందో ముందుగా తెలిసి ఉండాలి. 1974లో విశాఖపట్నంలో మొదలైన ఈనాడు, 1982లో పుట్టిన తెలుగుదేశానికి 1983 ఎన్నికల్లో బాసటగా నిలిచింది. 2008లో వచ్చిన సాక్షి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి కుటుంబం స్థాపించినది. ఎల్లో మీడియా, నీలి మీడియా అనే మాటలు ఇప్పుడు టీ కొట్టు బల్లల దగ్గర కూడా వినిపిస్తాయి. ఇదంతా తెలిశాక రెండింటినీ పక్కన పడేయాలనిపించడం సహజమే కాని, అది తొందరపాటు. ప్రభుత్వం దాచాలనుకునే పొరపాటు తరచు దానికి గిట్టని పత్రికలోనే ముందుగా బయటపడుతుంది. అందువల్ల పత్రికను మానేయకుండా, వార్తలోంచి పక్షాన్ని వడగట్టడం నేర్చుకోవాలి.

ఆ వడపోత నేర్చుకోవడానికి మనకు గోదావరి వరదను మించిన పాఠం లేదు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. 2022 జూలైలో నీరు మూడో హెచ్చరికను కూడా దాటినప్పుడు ఆ అంకెకు ఏ పార్టీ రంగూ అంటలేదు. శీర్షిక, ఫోటో, ఏ లంక గ్రామంలో ఎవరిని మాట్లాడించారన్నది మాత్రం పత్రికను బట్టి మారుతుంది. కనుక నోటుపుస్తకంలో ఒక పేజీకి అంకెలు, తేదీలు, ఊళ్ల పేర్లు, అధికారులు ఇచ్చిన సమాధానాలు ఎక్కించండి; ఎదుటి పేజీకి విశేషణాలను, ‘విమర్శలు వెల్లువెత్తుతున్నాయి’ వంటి, ఎవరన్నారో చెప్పని వాక్యాలను ఎక్కించండి. రెండు పత్రికల్లోనూ కనిపించిన సంగతి మీద నాటికను నిలబెట్టవచ్చు. ఒకదానిలోనే కనిపించినదాన్ని ఆ ఊరివాళ్లను అడిగి నిర్ధారించుకున్న తరువాతే వాడాలి. ఎదుటి పేజీని పారేయవద్దు. టీవీ చర్చ నడిపే వ్యాఖ్యాత పాత్ర రాసేటప్పుడు ఆ వాక్యాలే ఉన్నవి ఉన్నట్టుగా సంభాషణలుగా పనికివస్తాయి.

సన్నివేశం రాయడం పూర్తయ్యాక, అందులోని మంత్రి పాత్రకు పార్టీ మార్చి మళ్లీ చదవండి. 2011లో కోనసీమ రైతులు సార్వా (ఖరీఫ్) సాగు చేయబోమని పంట విరామం ప్రకటించినప్పుడు రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం ఉంది; 2022లో అదే మాట మళ్లీ లేచినప్పుడు వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం ఉంది. పూడుకుపోయిన డ్రెయిన్ల మీద రాసిన హాస్యం ఈ రెండు కాలాల్లోనూ నవ్వించగలగాలి. పార్టీ మారగానే చప్పబడిపోయే సన్నివేశాన్ని కొట్టేయండి. అయితే ఇద్దరికీ చెరొక దెబ్బ వేసి లెక్క సరిచేయడమే నిష్పాక్షికత అనుకోకూడదు, ఎందుకంటే తప్పు ఒకరిదైనప్పుడు రెండోవారిని కూడా ఇరికించడం అబద్ధమే అవుతుంది. అధికారం ఎవరి చేతిలో ఉంటే వారికి ఎక్కువ వాటా రావడం న్యాయం. 2024లో 175 స్థానాలకు 164 గెలిచిన కూటమి పాలిస్తుండగా ఇంకా 2019 నాటి ప్రభుత్వం మీదే నాటికంతా నడిపితే, అది ప్రస్తుత ప్రభుత్వానికి చేసే సేవే.

వేషం దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయవద్దు. కాలువ శివారు భూములకు నీరందని సంగతి మీద ఒక నాటిక రాసి, అందులో కాంట్రాక్టరు పాత్రకు ఒక పార్టీ కండువా వేయించాను. మర్నాడు ఆ పార్టీలో పనిచేసే పెద్దాయన ఒకరు నన్ను ఆపి, “కాలవ సంగతి నువ్వు చెప్పింది నిజవే బాబూ, గానీ ఆ కండువా చూశాకా మావోళ్లెవరూ ఆ మాట చెవిన పెట్టలేదు” అన్నారు. ఆయన పొలం కూడా ఆ శివారులోనే ఉంది. మన జిల్లాల్లో పార్టీ పేరు వినగానే దాని వెనుక ఒక కులం పేరు కూడా తలపుకొస్తుంది. కండువాతోపాటు ఇంటిపేరు, యాస, మీసకట్టు వంటి గుర్తులేవైనా పెడితే ప్రేక్షకుడు నాయకుడు చేసిన పనిని వదిలేసి కులాన్ని చూస్తాడు. నాయకుల శరీరాన్ని, వారి ఇంటి ఆడవాళ్లను నాటికలోకి అసలే తీసుకురావద్దు.

టీవీ హాస్యం నుంచి నేర్చుకోవలసింది, మానుకోవలసింది రెండూ ఉన్నాయి. 2013లో ఈటీవీలో మొదలైన జబర్దస్త్‌కు వైఎస్సార్ కాంగ్రెస్‌కు చెందిన రోజా, 2019లో జనసేన తరఫున నరసాపురం లోక్‌సభకు పోటీ చేసిన నాగబాబు పక్కపక్కన కూర్చుని న్యాయనిర్ణేతలుగా వ్యవహరించారు. పార్టీలు వేరైనవారు ఒక వేదిక మీద కలిసి నవ్వడం నాకు ఇప్పటికీ నచ్చే విషయం. కాని ఏ పార్టీనీ నొప్పించకూడదన్న జాగ్రత్తతో భార్యల మీదా, ఒంటి రంగు మీదా, లావు మీదా జోకులు వేసే అలవాటు టీవీ స్కిట్ల నుంచి ఊరి వేదికకు కూడా పాకింది. ఎదురు చెప్పలేనివారి మీద పడే ఆ హాస్యం కన్నా పార్టీ నాటికే మేలని నా అభిప్రాయం.

నిర్మాణానికి బుర్రకథను ఆదర్శంగా తీసుకోండి. అందులో కథకుడికి అటూ ఇటూ ఉండే వంతల్లో ఒకరు హాస్యం చెబితే, మరొకరు రాజకీయం చెబుతారు. మీ నాటికలో కూడా నవ్వించే పాత్రను, వాస్తవం చెప్పే పాత్రను విడిగా ఉంచితే, ఏది అతిశయోక్తో ఏది లెక్కో ప్రేక్షకులకు తెలుస్తుంది. కమ్యూనిస్టు ఉద్యమంతో నడిచిన ప్రజానాట్యమండలి బుర్రకథలు తమ పక్షాన్ని దాచుకోలేదు. మీ బృందానికి కూడా ఒక పార్టీ మీద అభిమానం ఉంటే తెర లేవకముందే మైకులో ఆ మాట చెప్పండి.

చివరి రిహార్సల్‌కు రెండు పార్టీల నుంచి ఒక్కొక్కరిని పిలిచి, వాళ్లు నవ్వని చోట్లను గుర్తుపెట్టుకోండి. సంగతి తప్పని చూపిస్తే మార్చాలి. సంగతి నిజమై మనసు నొచ్చుకున్నారంతే అయితే మార్చనక్కర లేదు. ఏ వ్యక్తి పేరుతోనైనా నిరూపించలేని ఆరోపణ ఉంటే దాన్ని తీసేయండి, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువునష్టం నేరమే. రాత్రి పది తరువాత ఆరుబయట మైకు పెట్టకూడదు గనుక నాటిక ఎనిమిదిన్నరకే మొదలయ్యేలా చూసుకోండి. అది ముగిశాక ప్రేక్షకుల్లో ఎవరైనా లేచి సమాధానం చెప్పాలనుకుంటే మైకు అందించడానికి కొంత సమయం మిగలాలి.