అట్లాంటిక్ చలినీళ్లలో డైవింగ్: ఐర్లండ్ క్లబ్బులో చేరదలచినవారికి

చదువు కోసమో ఉద్యోగం కోసమో ఐర్లండ్ వచ్చిన తెలుగువారిలో కొందరికి స్కూబా డైవింగ్‌తో అంతో ఇంతో పరిచయం ఉంటుంది. అండమాన్‌లోనో, గోవాలోనో, విశాఖ తీరంలోనో శిక్షకుడు చెయ్యి పట్టుకుని తిప్పగా అరగంట నీటి కింద గడిపినవారు ఆ ఉత్సాహంతో ఇక్కడి క్లబ్బులో చేరాలనుకుంటారు. ఆ అనుభవం పనికిరాదని కాదు కానీ, అక్కడి నీళ్లు 27, 28 డిగ్రీలుంటే ఐర్లండ్ పడమటి తీరంలో అట్లాంటిక్ నీళ్లు ఫిబ్రవరి, మార్చి నెలల్లో 8 నుంచి 10 డిగ్రీలు, ఆగస్టు చివర్లో కూడా 15, 16 డిగ్రీలు మాత్రమే ఉంటాయి. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. కాబట్టి ఇక్కడ సిలిండర్‌లో గాలి ఎంత మిగిలిందో చూసుకున్నంత శ్రద్ధగా ఒంట్లో వెచ్చదనం ఎంత మిగిలిందో కూడా చూసుకోవాలి.

ఇక్కడి క్లబ్బుల్లో చాలావరకు 1963లో ఏర్పడిన ఐరిష్ అండర్‌వాటర్ కౌన్సిల్‌కు అనుబంధంగా నడుస్తాయి. ఆ సంస్థ అంతర్జాతీయ సమాఖ్య అయిన సీమాస్‌లో సభ్యురాలు కాబట్టి, క్లబ్బులో సంపాదించిన ఒక నక్షత్రం, రెండు నక్షత్రాల అర్హతలు ఇతర దేశాల్లోనూ చెల్లుతాయి. చేరేముందు వైద్య పరీక్ష తప్పదు. ఉబ్బసం, చెవి సమస్యలు ఉన్నవారు వాటిని దాచకూడదు. ఈత బాగా రానివారు ముందు ఈత నేర్చుకుని ఆ తరువాతే క్లబ్బు తలుపు తట్టడం మంచిది. సాధారణంగా చలికాలమంతా ఈతకొలనులో శిక్షణ సాగి, వసంతంలో సముద్రంలోకి దిగడం మొదలవుతుంది. శిక్షకులు జీతం తీసుకోని సభ్యులే కనుక, సిలిండర్లు నింపడం, పడవ కడగడం, ట్రెయిలర్ లాగడం వంటి పనుల్లో కొత్తవారు కూడా చెయ్యి వెయ్యాలి. డబ్బు కట్టి నాలుగు రోజుల్లో డైవర్ అర్హత కార్డు తెచ్చుకునే దారి వేరే ఉంది. కానీ ఈ సముద్రంలో కార్డుకంటే, మన ఊపిరి తీరు తెలిసిన తోడు మనుషులే ఎక్కువ అవసరమని నా అభిప్రాయం.

అన్నిటికంటే ఎక్కువ సాధన కోరేది డ్రై సూట్. వెట్ సూట్‌లో నీరు చేరి ఒంటి వేడికి కాస్త వెచ్చబడుతుంది. డ్రై సూట్‌లోకి అసలు నీరే రాకూడదు. లోపల వేసుకున్న మందపాటి దుస్తుల్లో నిలిచిన గాలే చలిని ఆపుతుంది. చెమట పీల్చుకుని తడిసిపోయే నూలు బనియన్లు ఇక్కడ పనికిరావు. ఉన్ని గానీ, సింథటిక్ బట్ట గానీ వేసుకోవాలి. మణికట్టు, మెడ దగ్గర ఉండే రబ్బరు పట్టీలు చినగకుండా గోళ్లు కత్తిరించుకుని, గాజులు, వాచీ తీసేసి, పౌడర్ రాసుకుని చేతులు దూర్చాలి. మెడ పట్టీ కింద నాలుగు వెంట్రుకలు ఇరుక్కున్నా ఆ దారిన నీరు సన్నగా దిగుతూనే ఉంటుంది. భుజాల మీదుగా వెనక వైపు వేసే జిప్ చివరి అంగుళం దాకా పడిందో లేదో మనకు కనిపించదు. దాన్ని జతగా దిగే బడ్డీ వేలితో తడిమి చూడాలి.

నీటి కింద 10 మీటర్లు దిగేసరికి ఒత్తిడి రెట్టింపై సూట్‌లోని గాలి సగానికి కుంచించుకుపోతుంది. అప్పుడు బట్ట మడతలు ఒంటిని నొక్కుతాయి కనుక ఛాతీ మీది వాల్వు నొక్కి కొద్దికొద్దిగా గాలి చేర్చుకోవాలి. పైకి వచ్చేటప్పుడు అదే గాలి వ్యాకోచిస్తుంది. ఎడమ భుజం మీది వాల్వు తెరిచి ఉంచి, మోచేయి పైకెత్తి ఎక్కువైన గాలిని వదిలేస్తూ రావాలి. కొత్తవారికి అసలు ప్రమాదం కాళ్లు పైకి లేచినప్పుడు ఎదురవుతుంది: గాలి అంతా పాదాల్లోకి చేరి, భుజం వాల్వు దాన్ని వదలలేక, మనిషి తలకిందులుగా ఉపరితలం వైపు దూసుకుపోతాడు. మోకాళ్లు ఛాతీకి ముడుచుకుని, ఒక్కసారి దొర్లి తల పైకి తెచ్చుకుని, వెంటనే గాలి వదిలేయడం ఒంటికి అలవాటయ్యేవరకు కొలనులోనూ, ఆ తరువాత అయిదారు మీటర్ల లోతున్న ప్రశాంతమైన నీటిలోనూ సాధన చేయాలి. గాల్వే, మేయో కౌంటీల మధ్య లోపలికి చొచ్చుకు వచ్చిన కిలరీ సముద్రపు పాయ లాంటి చోట్లు ఇందుకు అనువైనవి.

సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ విషయంలో చలి చేసే పని వేరు. సిలిండర్‌లో 200 బార్‌కు పైగా ఒత్తిడిలో ఉన్న గాలి ఒక్కసారిగా 10 బార్ దగ్గరకు దిగేటప్పుడు బాగా చల్లబడుతుంది. అప్పటికే నీళ్లు చల్లగా ఉంటే లోపలి భాగాలపై మంచు కట్టి వాల్వు తెరుచుకునే ఉండిపోవచ్చు. అప్పుడు గాలి ఆగకుండా పొంగుతూ కొన్ని నిమిషాల్లోనే సిలిండర్ ఖాళీ అవుతుంది. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం, చలినీళ్లకు పరీక్షించని రెగ్యులేటర్‌పై 10 డిగ్రీలకు పైన మాత్రమే అనే గుర్తు ఉంటుంది. అద్దెకు తీసుకునేటప్పుడు అది వెతకాలి. పడవ మీద చల్లటి గాలిలో దాంతో అదే పనిగా ఊపిరి తీసి చూడకూడదు. గాలి పొంగుతున్న రెగ్యులేటర్‌ను పెదవుల అంచున పట్టుకుని ఊపిరి పీల్చడం, బడ్డీ దగ్గరున్న రెండో రెగ్యులేటర్‌కు మారడం కొలనులోనే నేర్పుతారు. మాస్కు లేకుండా ముఖం చల్లటి నీటిలో పెట్టి ఒక నిమిషం స్థిరంగా ఊపిరి పీల్చే అభ్యాసం కూడా చిన్నది కాదు. ముఖానికి చల్లదనం తగలగానే ఎగశ్వాస రావడం అందరికీ సహజమే, అది తగ్గాకే కిందికి దిగాలి.

ఇక ప్రయాణం సంగతి. ఎక్కడ దిగాలో నిర్ణయించేది కోరిక కాదు, పోటు పాటులు, గాలి, దూరం నుంచి వచ్చే పొడవాటి అలలు. అమావాస్యకు, పౌర్ణమికి ఒకటి రెండు రోజుల తరువాత ప్రవాహం బలంగా ఉంటుంది. అష్టమి దాటాక మందగిస్తుంది. ఇంట్లో తెలుగు క్యాలెండర్ ఉంటే వారాంతం ఎంచుకోవడానికి అది చాలు, కానీ నీరు నిలకడగా ఉండే వేళను మాత్రం స్థానిక పోటు పట్టికలోనే చూడాలి. గాలి వేగాన్ని చెప్పే బోఫోర్ట్ కొలమానంలో 6కు గానీ అంతకు మించి గానీ చేరవచ్చనుకుంటే ఐర్లండ్ వాతావరణ శాఖ మెట్ ఎరన్ చిన్న పడవలకు హెచ్చరిక ఇస్తుంది. క్లబ్బులు దానికంటే చాలా ముందే వెనక్కు తగ్గుతాయి. కొత్తవారిని మోసం చేసేది ఎండ కాస్తూ గాలి లేని రోజు: ఎక్కడో సముద్రం నడుమ వచ్చిన తుఫాను నుంచి బయలుదేరిన పొడవాటి అల తీరానికి చేరి, 15 మీటర్ల లోతులో కూడా మనిషిని రాళ్ల మీదికి ముందుకూ వెనక్కూ ఊపుతుంది. అందుకే కెర్రీ తీరానికి దాదాపు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్కెలిగ్ దీవులకు పథకం వేసే, క్లబ్బు డైవింగ్ బాధ్యత చూసే డైవ్ ఆఫీసర్, వాలెన్షియా రేవు చాటున మరో చోటు ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకుంటారు.

పడవ దిగే ర్యాంపు మీదే డైవ్ ఆఫీసర్ జంటలను కుదిర్చి, పేర్లు, సిలిండర్ గాలి, దిగే సమయం రాసుకుంటారు. పడవలో ఆక్సిజన్ పెట్టె, ఆపద పిలుపులకు వాడే 16వ ఛానల్ అందుకునే వీహెచ్‌ఎఫ్ రేడియో ఉన్నాయో లేదో అడగడానికి మొహమాటపడనక్కరలేదు. తీరం నుంచి అయితే 112కు ఫోన్ చేసి కోస్ట్ గార్డును అడగాలి. నీటి కింద రెండు చేతులతో భుజాలు రుద్దుకుని చూపితే చలి వేస్తోందని అర్థం, జంటలో ఎవరు ముందు చూపినా డైవ్ అక్కడితో ముగిసినట్టే. వణుకు మొదలయ్యాక మరో అయిదు నిమిషాలు ఉందామనుకోవడం పొరపాటు. వేళ్లు మొద్దుబారితే క్లిప్పు తీయడం, ఉపరితలానికి గుర్తుగా బెలూను పంపడం చేతకాదు. నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి వచ్చి, 5 మీటర్ల దగ్గర 3 నిమిషాలు ఆగే ఓపిక కూడా ఒంట్లో మిగలాలి.

ఇంత శ్రమకు ఫలితం ఏమిటని అడిగేవారికి: స్కెలిగ్ గోడల మీద గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగుల జ్యువెల్ ఎనిమోన్లు అనే పూల లాంటి చిన్న సముద్రజీవులు వేలికొన అంత చోటు వదలకుండా పరుచుకుని ఉంటాయి, టార్చి వేస్తేనే ఆ రంగులు తెలుస్తాయి. కెల్ప్ అనే పెద్ద సముద్రపు నాచు అడవి మీదుగా పొలాక్ చేపల మందలు తిరుగుతుంటాయి. లాబ్‌స్టర్ కనిపిస్తే చూసి వదిలేయాలి. 100 ఏళ్లు దాటిన ఓడ శిథిలం మీద దిగాలంటే ప్రభుత్వ అనుమతి పత్రం కావాలి.

పైకి వచ్చిన వెంటనే టోపీ పెట్టుకుని, ఫ్లాస్కులోని వేడి టీ తాగి, తడి సూట్ మార్చుకోవాలి. వేడినీళ్ల షవర్ కిందికి, బరువులు మోసే పనికి కాస్త ఆగి వెళ్లడం మంచిది. కీళ్ల నొప్పి, చర్మం దురద, తిమ్మిరి వంటివి అలసట అని కొట్టిపారేయకుండా డైవ్ ఆఫీసర్‌కు చెప్పాలి. సెలవుల చివర్లో హైదరాబాద్‌కు విమానం ఉంటే, వరుస డైవ్‌ల తరువాత కనీసం 18 గంటలు గడవనివ్వాలి. పూర్తి రోజు విడిచిపెట్టేలా టికెట్ తీసుకోవడం ఇంకా మేలు.