ప్రభుత్వ హ్యాకర్లు గురిపెట్టారని యూజర్‌కి చెప్పడం: కంపెనీలు చేయాల్సిన పని

ఒక ప్రభుత్వం కోసం పనిచేసే హ్యాకర్లు మీ యూజర్లలో కొందరిని గురిపెట్టారని మీ సెక్యూరిటీ టీమ్ కనిపెట్టిందనుకుందాం. వాళ్లు వాడుకున్న సాఫ్ట్‌వేర్ లోపాన్ని సరిచేసి అప్‌డేట్ వదిలితే సగం పనే అయినట్టు. అప్పటికే ఫోన్‌లో దూరిన స్పైవేర్ (రహస్యంగా నిఘా పెట్టే సాఫ్ట్‌వేర్) ఆ అప్‌డేట్‌తో పోతుందన్న భరోసా లేదు. గురైన యూజర్ ఒక జర్నలిస్టు అయితే, సంగతి తెలియక అదే ఫోన్లో తనకు సమాచారమిచ్చే వాళ్లతో మాట్లాడుతూనే ఉంటారు. గూగుల్ 2012 నుంచి, యాపిల్ 2021 నుంచి ఇలాంటి హెచ్చరికలు పంపుతున్నాయి కాబట్టి, కుదరదనే సాకు ఏ పెద్ద కంపెనీకీ లేదు.

దాడి జరగకముందే విధానం రాసి పెట్టుకోండి. ఎంత ఆధారం దొరికితే చెప్పాలి, ఎవరు సంతకం పెట్టాలి, ఎన్ని రోజుల్లో పంపాలి అన్నవి అందులో ఉండాలి. సొంత దేశ ప్రభుత్వం చేసినా ఇదే వర్తిస్తుందని స్పష్టంగా రాయండి. ఆ వాక్యం లేకపోతే అసలు అవసరం పడిన రోజున ఒత్తిడికి లొంగిపోతారు.

ఎవరికి చెప్పాలో తేలాలంటే దాడి ఆనవాళ్లు మీ రికార్డుల్లో ఉండాలి. 2019లో వాట్సాప్ కాల్ లోపం ద్వారా పెగాసస్ అనే స్పైవేర్‌ను దాదాపు 1,400 మంది ఫోన్లకు పంపారు. కాల్ ఎత్తకపోయినా అది పనిచేసేది. ఆ కాల్స్ కంపెనీ సర్వర్ల మీదుగానే వెళ్లాయి కాబట్టి, ఎవరిని గురిపెట్టారో కంపెనీ కనుక్కోగలిగింది. అలాగని అన్నీ దాచిపెట్టకండి, మీరు దాచిందల్లా దొంగిలించదగ్గదే. తేడాగా ఉన్న ప్యాకెట్లు (నెట్‌వర్క్‌లో వెళ్లే డేటా ముక్కలు), సర్వర్ ఎర్రర్లు, కొత్త పరికరాల లాగిన్లు చాలు. వాటికీ గడువు పెట్టి చెరిపేయండి. సందేశాల్లోని విషయం మీ చేతికే అందకూడదు.

దాడి కనపడిన క్షణాన హెచ్చరిక పంపితే, ఏ ఎత్తు దొరికిపోయిందో హ్యాకర్లకు తెలిసిపోతుంది. గూగుల్ అందుకే అప్పటికప్పుడు కాకుండా, చాలామందికి కలిపి బ్యాచ్‌లుగా పంపుతుంది. కానీ ఈ కారణం చూపి నెలల తరబడి ఆపడం తప్పు.

హెచ్చరిక రెండు దారుల్లో వెళ్లాలి: ఈమెయిల్ ఒకటి, లాగిన్ కాగానే ఖాతా పేజీ పైన కనిపించే బ్యానర్ ఇంకొకటి. మెయిల్‌ను ఎవరైనా అనుకరించగలరు. బ్యానర్‌తో యూజర్ నిజమో కాదో సరిచూసుకోవచ్చు. లింకు, అటాచ్‌మెంట్ పెట్టవద్దు. పాస్‌వర్డ్, ఓటీపీ అడగవద్దు. ఏ ప్రభుత్వమో కచ్చితంగా తేలకపోతే పేరు రాయకండి. మాటలు ఇంత సూటిగా ఉంటే చాలు:

“ప్రభుత్వ మద్దతున్న హ్యాకర్లు మీ ఖాతాను గురిపెట్టారని మాకు బలమైన ఆధారాలు దొరికాయి. ఇది స్పామ్ కాదు. ఈ మెయిల్‌లో లింకులేవీ ఉండవు. మీరే మా సైట్ తెరిచి లాగిన్ అయితే ఇదే సందేశం పైన కనిపిస్తుంది.”

దాని కింద చేయాల్సిన పనులు వరుసగా రాయండి. సున్నితమైన మాటలకు ఈ ఫోన్ వాడటం ఆపాలి. ఫోన్‌లో ఉన్నదంతా చెరిపేసే ఫ్యాక్టరీ రీసెట్ వెంటనే చేయకూడదు, ఫోన్ పరీక్షించేవాళ్లకు కావాల్సిన ఆధారాలు దాంతోనే పోతాయి. వేరే పరికరం నుంచి యాక్సెస్ నౌ అనే డిజిటల్ హక్కుల సంస్థ నడిపే డిజిటల్ సెక్యూరిటీ హెల్ప్‌లైన్ లాంటి, 24 గంటలూ పనిచేసే సాయాన్ని అడగాలి. పరీక్ష తర్వాత సిస్టమ్ అప్‌డేట్ చేయాలి, ఐఫోన్ అయితే, దాడికి దారులు తగ్గించేలా కొన్ని సౌకర్యాలను ఆపేసే లాక్‌డౌన్ మోడ్ పెట్టాలి. ఖాతాకు రెండు హార్డ్‌వేర్ సెక్యూరిటీ కీలు (లాగిన్‌కి వాడే చిన్న భౌతిక పరికరాలు) జోడించాలి. ఒక్కటే ఉంటే అది పోయిన రోజున ఖాతా కూడా చేజారవచ్చు.

ఎక్కువగా దెబ్బతినేది ఈ తర్వాతి దశలోనే. భయపడిన యూజర్ కస్టమర్ కేర్‌కి రాస్తే, సంగతి తెలియని ఉద్యోగి “అది ఫిషింగ్ (మోసపు మెయిల్), పట్టించుకోకండి” అని జవాబిస్తారు. హెచ్చరికలు వెళ్లకముందే ఆ టీమ్‌కి నమూనా సందేశం చూపించండి. ఇలాంటి ఫిర్యాదులకు ప్రత్యేక క్యూ పెట్టి, సెక్యూరిటీ టీమ్‌లో ఒకరిని దానికి బాధ్యులను చేయండి.