పాత పికప్ ట్రక్కు గేర్‌బాక్స్ మార్చడం ఎలా?

గేర్లు సరిగా పడటం లేదనగానే చాలామంది గేర్‌బాక్స్ పోయిందనే నిర్ణయానికి వచ్చేస్తారు. బండి కిందకి దూరే ముందు అది నిజమో కాదో తేల్చుకోండి. ఇంజిన్ స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఉంచండి. క్లచ్ పెడల్ మీద కాలు లేనప్పుడు గరగరమని శబ్దం వచ్చి, పెడల్ తొక్కగానే ఆగిపోతే ఇన్‌పుట్ షాఫ్ట్ (ఇంజిన్ శక్తిని బాక్స్‌లోకి తెచ్చే కడ్డీ) బేరింగ్‌ను అనుమానించాలి. తొక్కినప్పుడే శబ్దం మొదలైతే అది ఎక్కువగా క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్. ఒక్క గేరు వేసేటప్పుడే కరకరలాడితే ఆ గేరు సింక్రోనైజర్ (గేరు సాఫీగా పడేలా వేగాలు కలిపే రింగు) అరిగిపోయి ఉంటుంది. అన్ని గేర్లూ మొరాయిస్తూ, రివర్స్ మరీ కష్టంగా పడుతుంటే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. అలాంటప్పుడు క్లచ్ సిలిండరో కేబులో బాగుచేస్తే సరిపోవచ్చు, బాక్స్ దించే పనే ఉండదు.

గేరాయిల్ వంపినప్పుడు డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ వదిలే అడుగు మూత) అయస్కాంతానికి సన్నటి బూడిదరంగు పొడి అంటుకుని ఉంటే భయపడకండి, అది మామూలే. పళ్ల ముక్కలు కనిపిస్తేనో, బండి నడుస్తుండగా గేరు దానంతటదే న్యూట్రల్‌లోకి జారిపోతుంటేనో బాక్స్ విప్పి బాగుచేయించడమా, మార్చడమా అని ఆలోచించాలి.

ముందు పాత, కొత్త బాక్సులను పక్కపక్కన పెట్టి చూడండి

పాత బండ్లలో ఒకే మోడల్‌కు కూడా ఏడాదిని బట్టి, ఇంజిన్‌ను బట్టి గేర్‌బాక్స్ మారిపోతుంది. బాక్స్ మార్చాలనుకుంటే, అమ్మేవారు ‘సరిపోతుంది’ అన్న మాట మీద కొనేయకండి. బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కు బిగించే గంట ఆకారపు ముందు భాగం) బోల్టు రంధ్రాలు, ఇన్‌పుట్ షాఫ్ట్ పొడవు, దాని మీద స్ప్లైన్ల (పొడవునా ఉండే గాడుల) సంఖ్య, బాక్స్ మొత్తం పొడవు, మౌంటింగ్ కూర్చునే చోటు, గేర్ రాడ్ పైకి వచ్చే చోటు, ఇవన్నీ కొలిచి చూడాలి. పొడవు తేడా వస్తే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు శక్తి చేర్చే పొడవాటి గొట్టం) కోయించో, పెంచో మళ్లీ బ్యాలెన్స్ చేయించాల్సి వస్తుంది. స్పీడోమీటర్ చిన్న గేరు పళ్లు వెనక యాక్సిల్ నిష్పత్తికీ, టైరు సైజుకీ తగ్గట్టు ఉంటాయి. కాబట్టి సరిపోతే మీ పాత గేరునే కొత్త బాక్స్‌లోకి మార్చుకోవడం మేలు. ఫోర్ వీల్ డ్రైవ్ బండికి శక్తిని ముందు చక్రాలకు కూడా పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ కూడా ఉంటుంది. దాని బరువూ పనీ అదనం.

కొన్న బాక్స్‌ను నేల మీదే ఒక్కో గేరులో వేసి, ఇన్‌పుట్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పండి. ఎక్కడా పట్టేయకూడదు, గరుకుగా తగలకూడదు. సీళ్లు ఇప్పుడే మార్చేయండి. బండి కింద పడుకుని మార్చడం కన్నా బల్ల మీద మార్చడం ఎంతో తేలిక.

దించడం

గట్టి నేల మీద బండి ఆపి, బ్యాటరీ నెగటివ్ వైరు తీసేయండి. నేల మీదే ఉండే చక్రాలకు అడ్డు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలపండి. ఒట్టి జాకీని నమ్మి బండి కిందకి వెళ్లకండి, ఒక్క నిమిషానికి కూడా. స్టాండ్లు పెట్టాక బండిని బలంగా ఊపి చూడండి. కదిలితే మళ్లీ సర్దండి.

ఆయిల్ తీసేటప్పుడు ముందు పైనున్న ఫిల్లర్ ప్లగ్ (ఆయిల్ పోసే మూత) వదులు చేయండి. డ్రెయిన్ ప్లగ్ తీసి ఆయిలంతా పోయాక ఫిల్లర్ ప్లగ్ రానంటే, కొత్త ఆయిల్ పోసే దారి ఉండదు. తర్వాత క్యాబిన్ లోపలి నుంచి గేర్ రాడ్ తీసి, ఆ రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూయండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఫ్లాంజ్ మీద పెయింట్‌తో గుర్తు పెట్టాకే విప్పండి. అదే స్థితిలో తిరిగి బిగించకపోతే బండికి వణుకు పట్టుకోవచ్చు. స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైట్ స్విచ్ వైర్లు, సెల్ఫ్ మోటార్ వరసగా విప్పుకుంటూ పోవడమే. క్లచ్ సిలిండర్‌ను పైపు ఊడదీయకుండా పక్కకి కట్టేయండి. అది పక్కన వేలాడుతున్నంతసేపూ పెడల్ ఎవరూ తొక్కకూడదు, తొక్కితే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది.

క్రాస్ మెంబర్ (బాక్స్‌ను కింద నుంచి మోసే అడ్డపట్టీ) తీసే ముందు ఇంజిన్ ఆయిల్ సంప్ కింద చెక్క దిమ్మ పెట్టి జాకీతో ఆనించండి, లేకపోతే ఇంజిన్ వెనక్కి వాలిపోతుంది. గేర్‌బాక్స్‌ను వేరే జాకీ మీద గొలుసుతో కట్టండి. బెల్ హౌసింగ్ బోల్టుల పొడవులు వేరువేరుగా ఉంటాయి. ఒక అట్టముక్క మీద హౌసింగ్ ఆకారం గీసి, ఏ బోల్టును ఆ చోట గుచ్చేస్తే తర్వాత టెన్షన్ ఉండదు.

బోల్టులన్నీ తీశాక బాక్స్‌ను తిన్నగా వెనక్కి లాగండి. ఇన్‌పుట్ షాఫ్ట్ పూర్తిగా బయటికి వచ్చేదాకా బరువు జాకీ మీదే ఉండాలి. బాక్స్ కిందకి వాలి షాఫ్ట్ మీద వేలాడితే క్లచ్ ప్లేట్ మధ్యభాగం వంగిపోతుంది.

బాక్స్ దిగాక

ఇంత శ్రమపడి దించాక పాత క్లచ్‌నే వదిలేయడం నాకు నచ్చదు. క్లచ్ ప్లేట్, ప్రెజర్ ప్లేట్, రిలీజ్ బేరింగ్, ఇంజిన్ వైపు ఇన్‌పుట్ షాఫ్ట్ కొసను పట్టి ఉంచే పైలట్ బేరింగ్ కలిపి మార్చండి. ఫ్లైవీల్ (క్లచ్ ఆనే ఇంజిన్ వెనక బరువైన చక్రం) మీద నీలపు మచ్చలు, సన్న పగుళ్లు ఉంటే లేత్ పనివారికి చూపించండి. దాని వెనక నూనె తడి కనిపిస్తే ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ వెనక సీల్ కారుతోందని అర్థం. దాన్ని మార్చడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. క్లచ్ దుమ్మును గాలితో ఊదకండి. పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశముంది. మాస్క్ కట్టుకుని, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి.

కొత్త ప్లేట్ మీద ఏ పక్క ఫ్లైవీల్ వైపు ఉండాలో రాసి ఉంటుంది. చూసి పెట్టండి. అలైన్‌మెంట్ టూల్‌తో మధ్యకి తెచ్చి, ప్రెజర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. స్ప్లైన్ల మీద గ్రీజు పలచటి పూత చాలు. ఎక్కువైతే చిమ్మి ప్లేట్ మీద పడుతుంది.

ఎక్కించడం

ఈ పనిలో ఓపిక పరీక్షించేది ఇదే. బాక్స్‌ను ఏదో ఒక గేరులో వేసి ఇంజిన్‌కు సరిగ్గా సమాంతరంగా లేపండి. ముందుకు తోస్తూ, వెనక అవుట్‌పుట్ షాఫ్ట్‌ను కొద్దికొద్దిగా తిప్పండి. స్ప్లైన్లు కలిసినప్పుడు బాక్స్ ఒక్కసారిగా ముందుకు జరగడం చేతికి తెలుస్తుంది. ఇంకా వేలెడు సందు మిగిలితే దాదాపు ఎప్పుడూ కోణమే తేడా. బెల్ హౌసింగ్, ఇంజిన్ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉందో లేదో చూసి జాకీ సర్దండి. ఆ సందును బోల్టులు బిగించి మూయాలని మాత్రం చూడకండి. హౌసింగ్ చెవి విరగొచ్చు, పైలట్ బేరింగ్ నలిగిపోవచ్చు. చేత్తోనే పూర్తిగా ఆనాకే బోల్టులు పెట్టి, సర్వీస్ మాన్యువల్ చెప్పినంత టార్క్‌తో (బిగింపు బలం) బిగించండి. మిగతావన్నీ విప్పిన వరసకి తిరగేసి బిగించడమే.

ఆయిల్ విషయంలో అందరికీ ఒకటే సలహా కుదరదు. ఇత్తడి సింక్రో రింగులున్న చాలా పాత బాక్సులకు జీఎల్-4 రకం గేరాయిల్ చెబుతారు. కొన్నిటికి ఇంజిన్ ఆయిలో, ఏటీఎఫో (ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ఆయిల్) పోయాలి. మీ బాక్స్ మాన్యువల్ ఏది చెబితే అదే, ఫిల్లర్ రంధ్రం అంచు నుంచి కారేదాకా, బండి సమంగా ఉన్నప్పుడు పోయండి.

క్లచ్ పైపు విప్పి ఉంటే దానిలో చేరిన గాలి తీయండి. ఇంజిన్ ఆపి ఉండగా అన్ని గేర్లూ వేసి చూడండి. తర్వాత స్టార్ట్ చేసి, క్లచ్ పూర్తిగా తొక్కి రివర్స్ వేయండి. కరకర లేకుండా పడితే క్లచ్ విడుస్తున్నట్టే. ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా కొన్ని కిలోమీటర్లు నడిపి వచ్చి, కింద ఒక అట్ట పరిచి రాత్రంతా ఉంచండి. పొద్దున అట్ట మీద నూనె చుక్క కనిపిస్తే ముందు డ్రెయిన్ ప్లగ్ వాషర్, తర్వాత వెనక సీల్ చూడండి.