బోరు చేయించాక బండి వణుకుతుంటే: క్రాంక్‌కు డ్రిల్లు పెట్టే ముందు

బైకు సిలిండర్‌కు బోరు చేయించి (లోపలి వ్యాసం పెంచి) కొత్త పిస్టన్ వేశాక వణుకు మొదలైతే "క్రాంక్ బ్యాలెన్స్ పోయింది" అనేస్తారు. క్రాంక్ అంటే పిస్టన్ ఆటను తిరుగుడుగా మార్చే భాగం: రెండు చక్రాలు, వాటిని కలిపే పిన్ను, రెండు వైపులా షాఫ్టులు. పుస్తకాలు చూసి ట్యూనింగ్ నేర్చుకునేవాళ్లకు ఈ తొందర మరీ ఎక్కువ. బ్యాలెన్స్ ఫ్యాక్టర్ (పైకీ కిందికీ ఆడే బరువులో క్రాంక్ ఎదురుబరువు మోసే శాతం) అధ్యాయం అయ్యీకాగానే చెయ్యి డ్రిల్లు మీదికి పోతుంది. క్రాంక్ చక్రంలోంచి తీసిన లోహాన్ని మళ్లీ పెట్టలేం. కాబట్టి డ్రిల్లు చివరి పని.

వణుకు ఇంజన్‌దేనా?

విజయవాడలో కృష్ణ మీది వారధి దాటి మంగళగిరి వైపు రోడ్డు ఖాళీగా ఉన్నచోట, వణుకు వచ్చే స్పీడులో క్లచ్ పట్టి యాక్సిలరేటర్ వదలండి. వణుకు అలాగే ఉంటే టైరు, రిమ్ము, వీల్ బేరింగులు, చైను చూడాలి. తగ్గిపోతే ఇంజన్‌ది. ముందు ఇంజన్ మౌంటింగ్ బోల్టులు బిగించండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి. బ్యాలన్సర్ షాఫ్ట్ (వణుకు తగ్గించడానికి క్రాంక్‌తో పాటు తిరిగే అదనపు షాఫ్ట్) ఉన్న ఇంజన్‌ను విప్పి బిగించిన వెంటనే వణుకు మొదలైతే, గేర్ల మీది గుర్తులు కలిశాయో లేదో చూడండి. ఒక పన్ను తప్పినా వణుకు బాగా పెరుగుతుంది.

కొత్త కనెక్టింగ్ రాడ్ కిట్ వేయించాక వచ్చిన వణుకు

ఇది చాలాసార్లు బ్యాలెన్స్ తప్పు కాదు, ట్రూయింగ్ (క్రాంక్‌ను ఒకే గీతకు తేవడం) తప్పు. పిన్ను ప్రెస్ చేసినప్పుడు రెండు చక్రాలూ ఒకే గీత మీద కూర్చోలేదన్నమాట. ఆటోనగర్‌లో క్రాంక్ పని చేసే లేత్ షాపులో సెంటర్ల మధ్య పెట్టించి, రెండు షాఫ్టుల మీదా డయల్ గేజు పెట్టించండి. మాన్యువల్‌లో వేరే అంకె లేకపోతే 0.03 మి.మీ. లోపు రావాలి. రెండు ముళ్లూ ఒకదానికొకటి ఎదురు పోతే ఒక చక్రం పిన్ను చుట్టూ జరిగిందని. అంచు మీద రాగి సుత్తితో కొట్టి సరిచేస్తారు. రెండూ ఒకే వైపు పోతే చక్రాలు ఒకచోట మూసుకున్నాయనో తెరుచుకున్నాయనో అర్థం. మూసుకుంటే మధ్యలో చీల పెట్టి, తెరుచుకుంటే నొక్కి సరిచేయాలి. రీడింగ్ మీ కళ్లతో చూడందే క్రాంక్ ఇంటికి తెచ్చుకోవద్దు.

ట్రూయింగ్ బాగుంది, పిస్టన్ మారింది, వణుకు పెరిగింది

అప్పుడు బరువుల లెక్క. పాత పిస్టన్‌ను పాత సామాన్లకు అమ్మేయకముందే రింగులు, పిన్ను, సర్క్లిప్పులతో సహా 1 గ్రాము వరకు చూపే కాటా మీద తూయండి. కనెక్టింగ్ రాడ్‌ను అడ్డంగా, మట్టంగా పెట్టి, పెద్ద చివరకు ఆధారం ఇచ్చి చిన్న చివర బరువు తీయండి.

లెక్క తెలియడానికి అనుకుందాం: పిస్టన్ సెట్టు 322 గ్రాములు, రాడ్ చిన్న చివర 130. పైకీ కిందికీ ఆడే బరువు మొత్తం 452. ఫ్యాక్టర్ 60 శాతమైతే కౌంటర్ వెయిట్ (క్రాంక్ చక్రంలో పిన్నుకు ఎదురు వైపు బరువు) మోసేది 271. కొత్త ఓవర్ సైజు పిస్టన్ 40 గ్రాములు ఎక్కువైతే మొత్తం 492. అదే 271 ఇప్పుడు 55 శాతమే. 60 శాతానికి 295 కావాలి, అంటే 24 గ్రాములు తక్కువ. ఫ్యాక్టర్ తగ్గితే సిలిండర్ నిలువు దిశలో వణుకు పెరుగుతుంది, పెంచితే ముందుకూ వెనక్కూ ఊపు పెరుగుతుంది. ఒంటి సిలిండర్‌లో పూర్తిగా పోగొట్టడం కౌంటర్ వెయిట్ వల్ల కాదు, ఏ దిశకు పంపాలన్నదే మన చేతిలో ఉంది. అందుకే పుస్తకంలోని అంకె కన్నా మీ ఇంజన్ కంపెనీ నుంచి వచ్చిన ఫ్యాక్టరే నమ్మదగింది.

దాన్ని కొలవాలంటే, మట్టం చేసిన రెండు నునుపు పట్టీల మీద క్రాంక్ షాఫ్టులు పెట్టి, రాడ్ వేలాడదీసి, చిన్న చివరకు బరువు కట్టండి. ఏ కోణంలో వదిలినా కదలకుండా నిలిచే బరువుకు చిన్న చివర బరువు కలిపి, పాత పిస్టన్‌తో వచ్చిన మొత్తంతో భాగించండి. పై లెక్కలో ఆ కట్టిన బరువు 141 గ్రాములు. రెండు వైపుల షాఫ్టుల వ్యాసం ఒకటి కాకపోతే చిన్నదానికి తొడుగు వేయాలి, లేకపోతే క్రాంక్ పక్కకు దొర్లి తప్పు చెబుతుంది.

24 గ్రాముల తేడాకైతే ముందు తేలికైన పిస్టన్, పిన్ను దొరుకుతాయేమో వెతకండి, అదే మేలు. తప్పదంటే క్రాంక్ పిన్ను వైపు లోహం తీయాలి. రెండు చక్రాల్లోనూ సమానంగా, ఒక్కోదానికి 12 గ్రాముల లెక్క. స్ట్రోక్ (పిస్టన్ పైనుంచి కిందికి పోయే దూరం) 90 మి.మీ. అయితే క్రాంక్ పిన్ను దూరం 45. 60 మి.మీ. దూరంలో తీసేటప్పుడు 12ను 45తో గుణించి 60తో భాగిస్తే 9 గ్రాములే. స్టీల్ చక్రమైతే 10 మి.మీ. డ్రిల్లుకు సుమారు 15 మి.మీ. లోతు. కన్నం పిన్ను గీత నుంచి పక్కకు జరిగేకొద్దీ ఫలితం తగ్గుతుంది. పిన్ను కన్నానికి ఆనుకుని మాత్రం తీయకండి, అక్కడే చక్రం పగులుతుంది. సగం లోతులో ఆపి, మళ్లీ పట్టీల మీద పెట్టి చూశాకే ముందుకు పోండి.

పుస్తకం ప్రకారం జెట్ మార్చాక ప్లగ్ రంగు చెడింది

ఇది వణుకు సంగతి కాదు, పుస్తకం చూసి తొందరపడే ఇంకో తప్పు. జెట్ అంటే పెట్రోలు కొలతను నిర్ణయించే చిన్న కన్నం, కాబట్టి ఇది కార్బ్యురేటర్ బండ్ల గొడవ. 15 డిగ్రీల గాలి, ఇథనాల్ కలపని పెట్రోలు లెక్కతో వచ్చిన అంకెలు విజయవాడ మే నెలకు పనికిరావు. 45 డిగ్రీల్లో గాలి సుమారు 9 శాతం పలచబడి, మిశ్రమం కొంచెం రిచ్ (పెట్రోలు ఎక్కువ) అవుతుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకు సరైన గాలి నిష్పత్తి (ఒక వంతు పెట్రోలుకు ఎన్ని వంతుల గాలి, బరువులో) 14.7 కాదు, సుమారు 13.5. అదే జెట్‌తో నడిపితే మిశ్రమం లీన్ (పెట్రోలు తక్కువ) అవుతుంది. రెండూ ఎదురెదురు కాబట్టి కొంతవరకు ఒకదాన్నొకటి తినేస్తాయి. ముందు స్టాండర్డ్ జెట్‌తోనే ఫుల్ థ్రాటిల్‌లో కాస్త దూరం లాగించి, ఒకేసారి క్లచ్ పట్టి ఇంజన్ ఆపి, ప్లగ్ విప్పి చూడండి. పొడి నల్ల మసి ఉంటే రిచ్. తెల్లగా మాడి, చిన్న పొక్కులుంటే లీన్, వెంటనే ఆపాలి. తడిగా ఆయిల్ కనిపిస్తే జెట్ తప్పు కాదు, రింగులు చూడండి. జెట్ ఒక్క సైజు మాత్రమే మార్చి, మళ్లీ ప్లగ్ చూడండి.